రూపాయికి ఎనిమిదణాలు

టాటానగర్ రైల్వే స్టేషనుకు దక్షిణాన, పట్టాలకు ఆవలి వైపున, పర్సుడీహ్ ఉన్నది. ఉక్కు కంపెనీ ప్రణాళిక ప్రకారం వెలసిన జంషెడ్‌పూర్ వేరు. దాని హద్దులకు వెలుపల తనంత తానుగా పెరిగిన ఈ పేట వేరు. ఇక్కడి వ్యవసాయ మార్కెట్ యార్డులో తెల్లవారక ముందే ఉల్లి, బంగాళదుంప బస్తాలు దిగుతాయి. వాటిని జుగ్‌సలాయికి, బిష్టుపూర్‌కు, సాక్చీకి చేరవేయడానికి చిన్న బండ్లు బారులు తీరి ఉంటాయి. 2005లో టాటా మోటార్స్ వారు ‘ఏస్’ అనే పేరుతో అమ్మకానికి తెచ్చిన బండి అది. కాని ఆ పేరు పత్రాల మీదనే ఉండిపోయింది. దానిని అందరూ ‘ఛోటా హాథీ’ అంటారు. చిన్న ఏనుగు.

2016 వరకు ఆ బారులో ఒక తెలుగువాని బండి కూడ నిలబడుతూ ఉండేది. అతని తాతగారు శ్రీకాకుళం వైపు నుండి, బెంగాల్ నాగపూర్ రైల్వే నడిచే రోజులలో, పట్టాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడినారు. ఉత్తరాంధ్ర నుండి ఆ రైలు మార్గం వెంట ఖరగ్‌పూర్‌కు, టాటానగర్‌కు వచ్చి చేరిన కుటుంబాలు అనేకం. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, మార్కెట్టులో రెండూ కలిసిన మరొక భాష. పండుగ వస్తే బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం. అతని జీవితం కూడ ఈ దారిలోనే సాగినది. చదువు పదవ తరగతితో ఆగినా, పద్దు మాత్రం ముత్యాల వంటి అక్షరాలతో వ్రాసేవాడు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుండి ఎంత రావాలో ఆ నోటు పుస్తకంలో తేదీలతో సహా ఉండేది.

2016 జూలైలో ఒక తెల్లవారుజామున, కరన్‌డీహ్ వైపు నుండి ఖాళీ బండితో తిరిగి వస్తూ, జోరున కురుస్తున్న వానలో అతడు ఒక సైకిలును ఢీకొన్నాడు. సైకిలు తొక్కుతున్న మనిషి రోడ్డు వార బురదలో పడి బ్రతికిపోయాడు. వెనుక కూర్చున్న అతని భార్య ఒక రేజా. అంటే, ఇళ్ళ నిర్మాణాల దగ్గర ఇటుకలు, ఇసుక మోసే కూలీ. ఆమె ఎడమ కాలిని మోకాలి క్రింద నుండి తీసివేయవలసి వచ్చింది. డ్రైవరు పారిపోలేదు. ఆమెను తన బండిలోనే ఆసుపత్రికి చేర్చి, అక్కడి నుండి తానే ఠాణాకు పోయి కూర్చున్నాడు. తప్పు ఎవరిదన్న విచారణలో అతడు వాదించినది స్వల్పం. వానలో కనబడలేదన్నాడు. వాన అని తెలిసి వేగం తగ్గించవద్దా అని ఠాణాలో అడిగితే మాట్లాడలేదు.

అయితే అసలు విషాదం రోడ్డు మీద కాక, ఒక కాగితంలో ఉన్నది. బండికి ఉన్న బీమా ప్రమాదానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు ముగిసింది. ఆ నెలలో చేతనున్న సొమ్ము ఫైనాన్సు వాయిదాకు చెల్లించడమా, బీమాకు చెల్లించడమా అన్న ప్రశ్న వచ్చింది. వాయిదా తప్పితే ఫైనాన్సు మనుషులు ఇంటి మీదికి వస్తారు. బీమా తప్పితే ఎవరూ రారు. అందువలన వాయిదా కట్టినాడు. తన పద్దులో బీమా ఎదుట ‘పై నెల’ అని వ్రాసుకొన్నాడు. చిన్న బండ్ల యజమానులలో ఇలా వ్రాసుకొనేవారు ఎందరో ఉన్నారు గదా!

మూడవ వ్యక్తికి కలిగే నష్టానికి బీమా ఉండి తీరాలన్న నియమం మన దేశంలో క్రొత్తది కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని ఆ భాగం 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చింది. 1988 చట్టంలోని 146వ సెక్షను దానినే కొనసాగించింది. ఈ నియమం బండి యజమాని మేలు కోసమని చాలమంది అనుకొంటారు. నిజానికి అది దెబ్బ తిన్నవాని కోసం పుట్టినది. బీమా ఉండి, డ్రైవరు లైసెన్సులోనో మరొకచోటనో లోపం ఉన్నదని కంపెనీ వాదించిన కేసులలో సైతం న్యాయస్థానాలు, ముందు బాధితునికి చెల్లించి తరువాత యజమాని నుండి రాబట్టుకోండి అని కంపెనీలను ఆదేశించడం కద్దు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మార్గాన్ని విపులంగా చర్చించింది. కాని బీమాయే లేనప్పుడు ఎవరిని ఆదేశిస్తారు? ఆ తొమ్మిది రోజుల పుణ్యమా అని రెండు పేద కుటుంబాలు, నడుమ ఎవరూ లేకుండా, ఎదురెదురుగా నిలబడినవి.

ఠాణా వారు అతని లైసెన్సు తీసికొని జిల్లా రవాణా అధికారి కార్యాలయానికి పంపినారు. అక్కడ దానిని ఆరు నెలలపాటు నిలిపివేశారు. ఆ ఆరు నెలలూ గడచినవి. తరువాత మరొక సంవత్సరం గడచింది, ఆ పైన మరి కొన్ని నెలలు కూడ. అతడు ఆ కార్యాలయం గుమ్మం త్రొక్కలేదు. ‘కాలు పోయినామెకు సొమ్ము కట్టేదాకా లైసెన్సు తిరిగి ఇయ్యరు’ అని మార్కెట్టులో తోటి డ్రైవర్లు చెప్పినారు. అతడు నమ్మినాడు. బండిని కోర్టు పూచీకత్తుపై విడిపించి, మరొక డ్రైవరును కూలికి పెట్టి నడిపించినాడు. వచ్చిన దానిలో సగం ఆ కూలికి, మిగిలినది ఫైనాన్సుకు పోయేది. తాను యార్డులో బస్తాలు మోశాడు.

ఆ నమ్మకం వట్టిది. మన చట్టంలో లైసెన్సుకూ అప్పుకూ ముడి లేదు. 1988 చట్టం 19వ సెక్షను ప్రకారం లైసెన్సు అధికారి ఒక మనిషిని కొంత కాలం బండి నడపడానికి అనర్హుణ్ణి చేయవచ్చు. నేరం రుజువైతే న్యాయస్థానమూ చేయవచ్చు. అది అతని నడవడికి సంబంధించిన శిక్ష. గడువు తీరితే కాగితం తిరిగి ఇవ్వాలి. పరిహారం బాకీ ఉన్నదా లేదా అన్నది ఆ కార్యాలయం అడుగవలసిన ప్రశ్న కాదు. ఆ సంగతి చెప్పేవారు లేక ఒక డ్రైవరు రెండేళ్ళు బస్తాలు మోశాడు. ఆ రెండేళ్ళ సంపాదన ఉండి ఉంటే అందులో కొంత ఆ కూలీ స్త్రీకే చేరి ఉండేది.

పర్సుడీహ్‌లో వట్టి పుకారైన ఈ విషయం అమెరికాలో ఒకప్పుడు అక్షరాలా చట్టం. మోటారు కార్లు పెరిగిన తొలి దశాబ్దాలలో అక్కడి రాష్ట్రాలు బీమాను తప్పనిసరి చేయడానికి వెనుకాడినవి. దానికి బదులు మరొక ఉపాయం పన్నినవి: ప్రమాదం చేసి, కోర్టు విధించిన సొమ్ము చెల్లించని వాని లైసెన్సును, చెల్లించేవరకు, నిలిపివేయడం. అప్పు ఇచ్చినవాడు వాకిట కూర్చుని వసూలు చేసినట్లు, ఇక్కడ రాష్ట్రమే లైసెన్సును పట్టుకొని కూర్చుంటుంది. అమెరికాలో కారు లేనివాడు పనికి పోలేడు. పనికి పోనివాడు అప్పు తీర్చలేడు. అందువలన చాలమంది దివాలా కోర్టుకు పోయి ఋణవిముక్తి తెచ్చుకొని, ఇక బాకీ లేదు గనుక లైసెన్సు ఇవ్వండి అని అడిగేవారు. రాష్ట్రాలు దానికీ విరుగుడు వ్రాసుకొన్నవి. దివాలా తీసినా సరే, ఈ బాకీ విషయంలో మాత్రం లైసెన్సు రాదు అన్నవి. 1941లో న్యూయార్క్ నుండి, 1962లో యూటా నుండి వచ్చిన కేసులలో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రాల పక్షమే వహించింది.

తరువాత ఆరిజోనా నుండి పెరెజ్ దంపతుల కేసు వచ్చింది. 1965 జూలైలో టూసాన్ నగరంలో భర్త నడుపుతున్న కారు ప్రమాదానికి గురి అయింది. బీమా లేదు. పరిహారం 2,425 డాలర్ల 98 సెంట్లు. భార్యాభర్తలిద్దరూ దివాలా పిటిషను వేసి ఋణవిముక్తి పొందినారు. అయినా ఇద్దరి లైసెన్సులూ పోయినవి. ఆనాడు భార్య కారు నడుపనే లేదు. బాకీ ఉమ్మడిది కావడమే ఆమె చేసిన పాపం. 1971 జూన్ 1న సుప్రీంకోర్టు, అయిదుగురు ఒక వైపు నలుగురు ఒక వైపు కాగా, ఆరిజోనా నియమాన్ని కొట్టివేసింది. జస్టిస్ వైట్ వ్రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: దివాలా చట్టం దేశమంతటికీ ఒకటే, చితికిపోయినవాడు మళ్ళీ మొదలుపెట్టుకోవాలన్నదే దాని ఉద్దేశం, ఒక చేత్తో దేశం ఇచ్చిన విముక్తిని మరొక చేత్తో రాష్ట్రం లాగివేయరాదు. ఈ సూత్రాన్ని 1978 నాటి అమెరికా దివాలా చట్టంలో విస్తరించి చేర్చినారు. అయితే 1984లో ఆ దేశమే మరొక గీత గీసింది. త్రాగి బండి నడిపి చేసిన నష్టానికి సంబంధించిన ఋణం దివాలాతో పోదు అన్నది. జాలికి హద్దు ఎక్కడ గీయాలన్న ప్రశ్న వారినీ విడిచిపెట్టలేదన్నమాట.

పర్సుడీహ్ మనిషికి ఇదేమీ తెలియదు. 2018 నడుమ ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. ఆమెకు 5,10,000 రూపాయలు, దానిపై వడ్డీ, మొత్తం బండి యజమానియే ఇవ్వాలి. చెల్లించకపోతే 174వ సెక్షను క్రింద కలెక్టరుకు సర్టిఫికెట్టు వెళుతుంది; భూమి శిస్తు బకాయి వలె వసూలు చేస్తారు. అప్పటికే వైద్యానికీ కోర్టుకూ ఇరుగుపొరుగుల దగ్గర తెచ్చిన చేబదుళ్ళు, చిట్టీ బాకీ కలిసి మరొక 1,20,000 ఉన్నది. సొంత ఇల్లు లేదు. బండి అమ్మి ఫైనాన్సు తీర్చివేస్తే 1,60,000 మిగులుతుంది. అతని పద్దు పుస్తకంలో మొదటిసారిగా రెండు వైపులా కలవని లెక్క అది.

విజయనగరం నుండి మేనమామ ఫోను చేసినాడు.

“ఒరే నాయనా, ఎందుకలా కుమిలిపోతావు? ఐ.పి. పెట్టెయ్. మా వీధిలో బియ్యం కొట్టాయన పెట్టలేదూ? ఇప్పుడు హాయిగా తిరుగుతున్నాడు. ముందు ఆ బండి అమ్మాయి పేర వ్రాసెయ్.”

“అలా వ్రాయొచ్చా మావయ్యా?”

“అందరూ వ్రాస్తారురా.”

ఐ.పి. అన్న రెండక్షరాలు తెలుగువాని నోట ఎంతగా నలిగినవంటే, అవి ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలన్న సంగతి చాలమందికి స్ఫురించదు. ‘ఐ.పి. పెట్టినాడు’ అంటే మనకు అర్థమయ్యేది, ఇవ్వగలిగి ఉండీ ఎగవేసినాడు అని. దివాలా అన్న మాట దీని కంటె పాతది. పూర్వం చితికిపోయిన వర్తకుడు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించేవాడనీ, దాని నుండి ఆ మాట వచ్చిందనీ ఉత్తరాదిన చెబుతారు. ఇటలీలోనైతే బల్ల విరుగగొట్టేవారట. ఇంగ్లీషు మాటకు మూలం ఆ విరిగిన బల్లయే. దీపమైనా బల్లయైనా నలుగురికీ తెలియడం కోసమే. సిగ్గుకు సంబంధించిన ఈ పాత వాసన మాటలను ఇప్పటికీ వదలలేదు. నిజానికి దివాలా చట్టం మోసగాని కోసం వ్రాసినది కాదు. ఉన్నదంతా బయటపెట్టి, అందరికీ సమానంగా పంచి, మిగిలిన దాని నుండి విడుదల కోరే మనిషి కోసం వ్రాసినది. మోసగాళ్ళు దానిని వాడుకొన్న మాట నిజమే. అందువలన అవసరమైనవాడు దానిని అడగడానికి సిగ్గుపడడమే అన్యాయం.

జంషెడ్‌పూర్ సివిల్ కోర్టులో అతని తరఫున నిలిచిన వకీలు ఓపిక గలవాడు. అతని మొదటి భయం జైలు. దానికి వకీలు, డబ్బు ఉండీ ఇవ్వని వాణ్ణి పెట్టవచ్చు గాని, లేనివాణ్ణి లేనందుకే పెట్టరాదని చెప్పినాడు. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ భేదాన్ని స్పష్టపరచినారు. ఇంగ్లండులో ఈ భేదం పట్టుబడడానికి చాల కాలం పట్టింది. 1824లో ఒక రొట్టెల వర్తకునికి నలభై పౌండ్ల చిల్లర బాకీ పడి ఒక గుమాస్తా మార్షల్సీ జైలుకు పోయాడు. పన్నెండేళ్ళ అతని కొడుకు బూటు పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు కాగితాలు అంటించవలసి వచ్చింది. ఆ బాలుడు చార్లెస్ డికెన్స్. అప్పుకు జైలు అన్న పద్ధతిని ఆ దేశం చాల మేరకు ఎత్తివేసినది 1869లో.

లైసెన్సు సంగతి తెలిసినది కూడ ఆనాడే, మాటలలో మాటగా. ఇంత కాలం ఎందుకు తెచ్చుకోలేదని వకీలు తెల్లబోయాడు. 2019 మొదట్లో అతడు రవాణా కార్యాలయానికి పోయి, కాలం చెల్లిన భాగానికి రెన్యువల్ రుసుము కట్టి, కాగితం తెచ్చుకొన్నాడు. బాకీ గురించి ఎవరూ ఒక్క మాట అడుగలేదు.

ఐ.పి. మాటకు వచ్చేసరికి వకీలు 1920 నాటి చట్టం తెరిచినాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909 నాటి చట్టం. మిగిలిన ప్రాంతాలకు ఈ ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. అయిదు వందల రూపాయల అప్పు ఉండి తీర్చలేనివాడు అర్జీ పెట్టుకోవచ్చునని అందులో ఉన్నది. 1920లో అయిదు వందలంటే ఒక ఆస్తి. ఆ అంకె మారలేదు. అర్జీ మంజూరైతే ఆస్తి అంతా కోర్టు చేతికో రిసీవరు చేతికో పోతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక, చేతిపనివాని పనిముట్లు, మతాచారం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణాలు మాత్రం జప్తుకు అందవు. మంగళసూత్రం జోలికి కోర్టు రాదన్నమాట. మేనమామ చెప్పిన ‘అమ్మాయి పేర వ్రాయడం’ గురించి వకీలు కళ్ళజోడు తీసి మరీ చెప్పినాడు: ప్రతిఫలం లేకుండా ఆస్తిని బదిలీ చేసి, రెండేళ్ళలోపు దివాలాదారుగా తేలితే, ఆ బదిలీ చెల్లదు, పైగా విడుదల అడిగే ముఖం ఉండదు.

ఆ చట్టంలో ఒక చిత్రమైన మెలిక ఉన్నది. ప్రమాద నష్టం ఎంతో కోర్టు తేల్చక ముందు అది దివాలా పద్దులోనికి ఎక్కదు. తేలని నష్టం ఋణం కాదు. ట్రిబ్యునల్ అంకె వేసిన తరువాతనే అది మిగిలిన అప్పుల సరసన చేరుతుంది. విడుదల ఉత్తర్వుతో పోని అప్పులను 44వ సెక్షను విడిగా పేర్కొన్నది. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసినవి, భార్యాబిడ్డల మనోవర్తి వంటివి. ప్రమాద పరిహారం ఆ జాబితాలో లేదు. అంటే, 1920 చట్టం లెక్కన, ఒక మనిషి కాలు పోగొట్టిన బాకీ, చిట్టీ బాకీ ఒకే వరుసలో కూర్చుంటాయి.

అప్పుడు వకీలు కాగితం మీద లెక్క వేసినాడు. అప్పులు 6,30,000. ఆస్తి 1,60,000. రూపాయికి నాలుగణాలు. ఆమెకు వచ్చేది లక్షా ముప్పై వేలు కూడ ఉండదు. రిసీవరు ఖర్చులు పోతే ఇంకా తక్కువ. ఇక్కడ 42వ సెక్షను అడ్డు వస్తుంది. పంపకానికి ఉన్న ఆస్తి రూపాయికి ఎనిమిదణాలకు తక్కువైతే కోర్టు సంపూర్ణ విముక్తి ఇవ్వరాదు. అయితే, ఆ తరుగు తాను న్యాయంగా బాధ్యత వహించవలసిన అవసరం లేని పరిస్థితుల వలన ఏర్పడిందని ఋణగ్రస్తుడు కోర్టును ఒప్పించగలిగితే ఇవ్వవచ్చు. అణాలు చలామణీ నుండి పోయి అరవై ఏళ్ళు దాటినా, ఆ ప్రశ్న మాత్రం చట్టంలో అణాలలోనే నిలిచి ఉన్నది.

“బీమా కట్టకపోవడం నీ తప్పు కాదని జడ్జీగారికి చెప్పగలవా?” అని అడిగినాడు వకీలు.

అతడు చాలసేపు ఆలోచించి, “వానను చెప్పగలను. బీమాను చెప్పలేను వకీల్ సాబ్” అన్నాడు.

చెప్పగలిగినవారు ఉండవచ్చు, చెప్పి గెలిచినా తప్పు పట్టలేం. ఒక నెల ఆదాయంలో రెండు అవసరాలు ఇమడకపోవడం ఒక్కనాటి సోమరితనం కాదు గదా. కోర్టు కూడ అవునని గాని కాదని గాని మాత్రమే అనవలసిన పని లేదు; ఇక ముందు వచ్చే సంపాదనలో కొంత ఋణదాతలకు ఇవ్వాలన్న షరతుతో విముక్తి ఇచ్చే అధికారం దానికి ఉన్నది. వకీలు ఈ మూడవ దారినే ఆశించి అర్జీ ముసాయిదా టైపు చేయించినాడు.

అదే సంవత్సరాలలో దేశం ఈ విషయంలో తన మనసు మార్చుకొంటున్నది. ప్రమాదానికి రెండు నెలల ముందు, 2016 మే నెలలో, క్రొత్త దివాలా స్మృతి రాష్ట్రపతి ఆమోదం పొందింది. కంపెనీలకు సంబంధించి అది పత్రికలకెక్కింది గాని, వ్యక్తుల కోసం వ్రాసిన మూడవ భాగాన్ని చదివినవారు తక్కువ. అందులో 79వ సెక్షను ‘మినహాయించిన ఋణాలు’ అని కొన్నింటిని ఎత్తి చూపింది. నిర్లక్ష్యం వలన కలిగిన నష్టానికి చెల్లించవలసిన పరిహారం వాటిలో ఒకటి. అంటే, ఈ స్మృతి క్రింద దివాలా తీసినా ఆ స్త్రీ బాకీ పోదు. ఇంగ్లండులో 1986 చట్టం కూడ, కోర్టు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, దేహానికి కలిగిన గాయాల పరిహారాన్ని దివాలాతో మాఫీ చేయదు. 1920 నాటి శాసనకర్తలు అప్పు అంటే వర్తకుని అప్పును ఊహించినట్లున్నారు. అప్పు ఇచ్చినవాడు తెలిసి ఇచ్చినాడు, లాభనష్టాలు లెక్క వేసుకొన్నాడు, కొంత పోగొట్టుకొంటే భరిస్తాడు. సైకిలు వెనుక కూర్చున్న కూలీ ఎవరికీ అప్పు ఇవ్వలేదు. 2016 స్మృతి ఈ తేడాను పట్టుకొన్నది. కాని ఆ భాగం 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే అమలులోనికి వచ్చింది. ఉల్లిబస్తాలు మోసే బండి యజమానికి వర్తించేది పాత చట్టమే. అతనికి తలుపు తెరిచే ఉన్నది. సరిక్రొత్త చట్టమైతే మూసి ఉంచేది.

అర్జీ మీద సంతకం పెట్టవలసిన వారంలో అతని భార్య ఒక ప్రశ్న వేసింది.

“ఏమండీ, మన అప్పు కోర్టువారు కొట్టేస్తారు, సరే. ఆమెకు ఎవరిస్తారు?”

అతని వద్ద జవాబు లేదు. ఆ మరునాడు ఆమె ఎవరితోనూ చెప్పకుండా, కరన్‌డీహ్ దాటి ఉన్న ఆ ఊరికి ఆటోలో పోయింది. అక్కడ ఏమి మాట్లాడుకొన్నారో ఆమె పూర్తిగా ఎన్నడూ చెప్పలేదు. చంక కర్రతో బావి దగ్గరకు పోలేక, నీళ్ళు పదేళ్ళ కూతురే తెస్తున్నదనీ, ఆ పిల్ల బడి మానివేసిందనీ మాత్రం చెప్పింది. మరొక మాట కూడ తెచ్చింది. ‘దీదీ, మాకు వడ్డీ మీద ఆశ లేదు, కాగితం మీద అంకె చూచుకొంటూ ఎన్నాళ్ళుంటాం’ అని ఆ కూలీ స్త్రీ అన్నదట.

ఇరుపక్షాల వకీళ్ళు ఈ మాటను లోక్ అదాలత్ వరకు తీసికొనిపోయినారు. 1987 చట్టం క్రింద ఏర్పడిన ఈ వేదికలో ఇరువురూ ఒప్పుకొన్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. 2019 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. బండి అమ్మగా మిగిలిన 1,60,000, భార్య మెడలోని గొలుసు అమ్మగా వచ్చిన 40,000 వెంటనే. మిగిలిన 3,10,000 నెలకు ఆరు వేల చొప్పున. వడ్డీ వదులుకొన్నారు. దీనిని అతడు సాధించిన రాయితీ అని కొందరు బంధువులు మెచ్చుకొన్నారు. అది సరి కాదు. మూడేళ్ళ వడ్డీని పోగొట్టుకొన్నది ఆమె. సర్టిఫికెట్టు కేసులో మరి కొన్నేళ్ళు తిరిగే ఓపిక లేక పోగొట్టుకొన్నది. దానిని ఉదారత అనడం కంటె అలసట అనడం న్యాయం.

తిరిగి వచ్చిన లైసెన్సే ఈ ఒప్పందాన్ని నిలబెట్టింది. అతడు జుగ్‌సలాయిలో ఒక రవాణా యజమాని దగ్గర జీతానికి బండి నడపసాగినాడు. భార్య వీధి మొగన ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది. చేబదుళ్ళు ఇచ్చిన ఇరుగుపొరుగులు ఆగినారు, చిట్టీవాడు ఆగలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి నాలుగు వాయిదాలు తప్పినవి. ఆ నాలుగు నెలలూ అవతలి వైపు నుండి ఎవరూ కోర్టుకు పోలేదు. అయిదవ నెల సొమ్ము తీసికొనిపోయినప్పుడు ఆమె భర్త, మీ ఇంటిలో అందరూ బాగున్నారా అని అడిగి రసీదు వ్రాసినాడు.

ఈ లోపల చట్టమూ కొంత కదిలింది. 2018లో సుప్రీంకోర్టు, బీమా లేని బండి ప్రమాదం చేస్తే దానిని యజమానికి ఊరకే విడుదల చేయరాదనీ, తగిన పూచీ చూపకపోతే మూడు నెలల తరువాత వేలం వేసి ఆ సొమ్మును ట్రిబ్యునల్‌లో జమ చేయాలనీ, అందుకు నియమాలు చేసికోవలసిందని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ నియమం 2016లో ఉండి ఉంటే ‘ఛోటా హాథీ’ విలువ ముందే, తగ్గక ముందే, ఆమెకు చేరేది. అతనికి మాత్రం రెండేళ్ళ సగం ఆదాయం కూడ ఉండేది కాదు.

2024 మే నెలలో చివరి వాయిదా చెల్లింది. చిట్టీ బాకీ ఇంకా కొంత మిగిలి ఉన్నది. అది పద్దులో ఉన్నది. కోర్టులో ఫైలు మూసిన రోజున వకీలు, ఎన్నడూ దాఖలు కాని ఐ.పి. ముసాయిదాను అతని చేతికి ఇచ్చినాడు. దానికి టైపు కూలీ బాకీ ఉన్నదని అప్పుడు గుర్తుకు వచ్చింది. మూడు వందల నలభై రూపాయలు. వద్దని వకీలు ఎంత చెప్పినా వినక, మరుసటి నెల జీతం అందిన రోజున తెచ్చి ఇచ్చి, పద్దులో కొట్టివేసుకొన్నాడు.